సొట్ట పడినా సరే

కోట్ల ఖరీదు చేసే పాత కారుని అద్దాల గదిలో దాచుకోక పందెంలో తోలడమేమిటి? మొదట నాకూ అర్థం కాలేదు.

ఇంగ్లండులోని గుడ్‌వుడ్‌లో 1948 నుంచి 1966 దాకా రేసులు జరిగాయి. 1998లో ఆ బాట మళ్ళీ తెరిచి, రివైవల్ పేరుతో ఆ కాలపు కార్లకే పోటీలు పెడుతున్నారు. ఊరేగింపు కాదు, నిజం పోటీయే! ఫెరారీ 250 జీటీఓలు మొత్తం చేసినవే 36. 2018లో ఒకటి వేలంలో 4.84 కోట్ల డాలర్లు పలికింది. అలాంటి బండ్లూ అక్కడ ఒకదాన్నొకటి రాసుకుంటూ పోతాయి.

సొట్ట పడితే రేకుని చేత్తో కొట్టి సరిచేస్తారు. విరిగిన భాగం దొరక్కపోతే కొత్తది చేయిస్తారు. మరి ఇన్ని మార్చాక అది పాత కారేనా? అసలు తగాదా ఇక్కడే. ఛాసిస్ నంబరు, పాత కాగితాలు ముందేసుకుని తేలుస్తారు. తాళపత్ర ప్రతుల్లో ఏది మూలానికి దగ్గరని క్లాసులో మనం వాదించుకున్నాం చూడండి, అలాగే అన్నమాట.

బండికైతే అతుకులు వేయొచ్చు. 1962లో ఇదే గుడ్‌వుడ్‌లో ఘోరంగా గాయపడి స్టిర్లింగ్ మాస్ గ్రాండ్ ప్రీలకు దూరమయ్యారు. అయినా ముసలితనంలోనూ పాత కార్ల పోటీలు వదల్లేదు. 2011లో, 81వ ఏట, ల మాన్‌లో అర్హత పరుగు తీస్తుండగా తనకే భయం వేసిందట. ఆ రోజుతో మానేశారు.