‘దుర్గేశనందిని’ యందలి ప్రణయవేదన: పాఠకుని అసమ్మతి

బంకించంద్ర చటోపాధ్యాయుని తొలి వంగనవల ‘దుర్గేశనందిని’ 1865లో వెలువడెను. ఇరువదవ శతాబ్ది తొలి దశకములలో బంకిం నవలలు తెలుగున విరివిగా అనువాదమగుటచే ఈ కథాప్రపంచము ఆంధ్రపాఠకులకును సుపరిచితమే. చారిత్రక ప్రణయకథకు ఒరవడి పెట్టిన ఈ నవలను ముగించునప్పుడు మాత్రము చదువరికి ఒక అసంతృప్తి మిగులును. నాయికానాయకులకు వివాహమగును గాని పాఠకుని మనస్సు ఆ పెండ్లిపందిటిలో నిలువదు.

కథాకాలము వంగాబ్దము 997, అనగా క్రీ.శ. 1590 ప్రాంతము. మొగలు సేనాని మానసింహుని కుమారుడగు జగత్సింహుడు గాలివాననాటి రాత్రి శైలేశ్వరాలయమున మందారణ దుర్గాధిపతి కూతురు తిలోత్తమను చూచి వలచును. పిదప పఠానులు దుర్గమును పట్టుకొందురు. తండ్రి వీరేంద్రసింహుడు వధింపబడును, తిలోత్తమ కతలూఖాను అంతఃపురమున చిక్కును, గాయపడిన జగత్సింహుడు బందీయగును. అతనికి సేవచేసి ప్రాణము నిలిపినది కతలూఖాను కుమార్తె ఆయేషా.

ఇంతవరకు కథ వడిగా నడచును. చిక్కు ఇచ్చటినుండియే. తిలోత్తమ చెఱసాలకు వచ్చినప్పుడు జగత్సింహుడు ఆమె శీలమును శంకించి పరాయిదానివలె పలుకరించును, ఆమె మూర్ఛిల్లును. కతలూఖాను చనిపోవుచు ఆమె నిర్దోషియని చెప్పిన పిమ్మట గాని అతని శంక తీరదు. ప్రియురాలి కన్నీటికి కరగని మనస్సు శత్రువు మరణవాక్యమునకు కరగినది! ఇట్టి నాయకుని వేదన పాఠకునికి తన వేదనగా తోపదు. అది విధి తెచ్చిపెట్టినది కాదు, అతడు కొనితెచ్చుకొన్నది. తిలోత్తమయా, సొమ్మసిల్లుటకును రోగశయ్యపై కృశించుటకును మించి చేయునది స్వల్పము.

ఆయేషా దుఃఖము వేఱు. తన్ను కోరిన ఉస్మాను ఎదుటనే, బందీయైన పరమతస్థుని వలచితినని ఆమె దాపరికము లేక చెప్పును. ప్రతిఫలము రాదని తెలిసియే చెప్పును. తుదకు తన ఆభరణములను తిలోత్తమకు అలంకరించి వచ్చి, విషము గల ఉంగరమును కోట అగడ్తలోనికి విసరివైచును. నవలయందలి నిజమైన వేదనయంతయు ఈమెది, ఫలము మఱియొకతెది. చదువరి అసమ్మతికి మూలమిదియే.

చరిత్ర ఈ వేదనకు ఆధారమగునా? అబుల్ ఫజలు ‘అక్బరునామా’ ననుసరించి 1590లో జగత్సింహుడు పఠానులచే ఓడెనే గాని వారికి చిక్కలేదు. విష్ణుపుర పాలకుడు హమ్మీరుడు అతనిని రక్షించి తీసికొనిపోయెను. కతలూఖాను వ్యాధిచే మరణించెను. నవలలో అతడు వీరేంద్రసింహుని విధవ విమల కత్తిపోటునకు కూలును. కావున చెఱయు, పరిచర్యయు, ప్రతీకారమును కల్పితములే. బంకిం సైతము ‘రాజసింహ’ నాల్గవ కూర్పు పీఠికలో ‘దుర్గేశనందిని’ని చారిత్రక నవల యనరాదని స్పష్టముగా చెప్పెను. కల్పన తప్పు కాదు. కల్పించు స్వేచ్ఛ ఉండియు దానిని ఆయేషా పక్షమున వినియోగింపకపోవుటయే ప్రశ్న.

ఇట్టి అసమ్మతి వంగదేశమునకు మాత్రమే పరిమితము కాదు. 1819లో వెలువడిన స్కాటు నవల ‘ఐవన్హో’లో యూదుకన్య రెబెకా సైతము ప్రతినాయిక రొవీనాకు ఆభరణముల పేటిక నిచ్చి తొలగిపోవును. ఈ పోలికను విమర్శకులు తఱచుగా ఎత్తిచూపిరి. తన నవల వ్రాయునాటికి ‘ఐవన్హో’ చదువలేదని బంకిం చెప్పెనని ప్రసిద్ధి. అనుకరణ వివాదము కంటె పాఠకుల ప్రతిస్పందనయే ఇచ్చట గమనింపదగినది. నాయకుని రెబెకాకు ముడిపెట్టలేదని కొందఱు పాఠకురాండ్రు నిందింపగా, స్కాటు 1830 నాటి పీఠికలో సమాధానము చెప్పుకొనవలసివచ్చెను. ఆ కాలపు ద్వేషములు అట్టి వివాహమును అసంభవము చేసెననియు, త్యాగమునకు లౌకికఫలము కట్టబెట్టుట సద్గుణమును చిన్నబుచ్చుటయే యనియు ఆతని వాదము. థాకరేకు అది రుచింపలేదు. 1850లో వ్యంగ్యముగా ఉత్తరకథ వ్రాసి రెబెకాకే పెండ్లి చేసెను. వంగభాషలో దామోదర ముఖోపాధ్యాయుడు ‘దుర్గేశనందిని’కి కొనసాగింపుగా రచించిన నవలకు ఆయేషాయే నాయిక, దాని పేరు ‘నవాబనందిని’.