ఎనిమిది తీగలు ఐదైన కథ

మన నాందేడ్ మీదుగా పారే గోదావరి బాసర సరస్వతమ్మను దర్శించుకుని, ఎంతో దూరం నడిచి, చివరికి పాలకొల్లు పొలాలకు కాలువ నీరై అందుతుంది. ఆ పాలకొల్లులో 1969 ఫిబ్రవరి 28న పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ గారిని లోకమంతా మాండలిన్ శ్రీనివాస్ అని పిలుచుకుంది. ఆయన వాద్యం విని ఆనందించిన వాళ్ళం చాలామందిమి ఉన్నాం గానీ, దానికి తీగలెన్ని అని లెక్కపెట్టిన వాళ్ళు తక్కువ. నేను సంగీత విద్వాంసుణ్ణి కాను. బి.కాం. చదివి బ్యాంకులో అంకెలతో కాలం గడిపేవాణ్ణి. కనుక నా చూపు ముందు లెక్క మీదే పడింది.

మాండలిన్ ఇటలీ నుంచి వచ్చిన వాద్యం. మామూలుగా దానికి ఎనిమిది తీగలు, అంటే నాలుగు జతలు. జతలోని రెండు తీగలనూ ఒకే స్వరానికి శ్రుతి చేస్తారు. మీటిన నాదం త్వరగా ఆరిపోతుంది గనుక పాశ్చాత్యులు గబగబా పదేపదే మీటి దాన్ని నిలబెడతారు. మన సంగీతానికి చిక్కు అక్కడే వచ్చింది. గమకం లేనిదే మనకు రాగం లేదు. వైణికులు తీగను మెట్టు మీద పక్కకు లాగి స్వరాన్ని ఊపుతారు. జత తీగలను అలా లాగబోతే రెండూ సమానంగా సాగక శ్రుతి చెదురుతుంది.

శ్రీనివాస్ గారు జతలను తీసేసి, ఎలక్ట్రిక్ మాండలిన్ మీద ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. జమాఖర్చు వేస్తే, పోయింది జత తీగల గలగల. ఒంటి తీగకు తగ్గిన బలాన్ని విద్యుత్తు పూడ్చింది. వచ్చింది మాత్రం గమకం!

తీగను ఎంచుకోవడంలో ఇలాంటి బేరీజు ఇతర దేశాల్లోనూ ఉంది. జాజ్ సంగీతంలో మనిషి ఎత్తుండే డబుల్ బాస్‌కు ఒకప్పుడు జంతువుల పేగుతో చేసిన తీగలు కట్టేవారు. వాటి నాదం మెత్తగా పలికి తొందరగా ఆగేది. 1950ల తర్వాత ఎక్కువసేపు మోగే ఉక్కు తీగలు వ్యాపించాయి. అయినా ప్రసిద్ధ వాదకుడు చార్లీ హేడెన్ పై రెండు తీగలను పేగువే ఉంచుకుని, కింది రెంటికి మాత్రం లోహపు తీగలు వాడేవారు. కావలసిన నాదం ముందు, తీగ తర్వాత అన్నమాట. 1983లో పశ్చిమ బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించి, తర్వాత జాన్ మెక్‌లాఫ్లిన్‌తో 'రిమెంబర్ శక్తి' బృందంలో చేరిన శ్రీనివాస్ గారిదీ అదే దారి. ఈ ఇద్దరూ 2014లోనే, రెండు నెలల తేడాలో కన్నుమూశారు.

అన్నిటికంటే నన్ను ఆలోచింపజేసింది ఆయన చదువు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు, గాయకులు. గురువుగారు పాడేవారు, పిల్లవాడు ఆ పాటను తీగ మీద వెతుక్కునేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ చేసేనాటికి ఆ బాలుడికి తొమ్మిదేళ్ళు.

ఇదంతా రాయడానికి కారణం మా ఇంట్లో నడుస్తున్న ఒక తగాదా. మా చిన్నవాడు గిటారు నేర్చుకుంటానంటాడు. "వీణో వయొలినో అయితే సరే, ఆ డింగుడింగులు మనకెందుకురా?" అంటుంది మా అమ్మ. ఈ ఊళ్ళో వీణ నేర్పే వాళ్ళు మాకింతవరకు దొరకలేదు. అమ్మకేమో డెబ్బై ఎనిమిదేళ్ళు. ఆమె నోట ఉన్న కీర్తనలు ఏ పుస్తకంలోనూ రాసుకోలేదు, ఏ టేపులోనూ ఎక్కించలేదు. వాడికి గిటారు కొనిపెట్టాను. రోజూ సాయంత్రం నానమ్మ పాడిన ఒక్క పల్లవి దాని మీద పలికించాలని షరతు పెట్టాను. అమ్మ ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. వాడు అపస్వరం పలికిస్తే మాత్రం వంటింట్లోంచే దిద్దుతోంది.

బయటి రాష్ట్రాల్లో ఉన్న మనకు గురువు, వాద్యం రెండూ కుదరడం కష్టం. కుదిరేదాకా ఆగుదామంటే, పాట తెలిసిన పెద్దవాళ్ళు అంతకాలం మనతో ఉండకపోవచ్చు. మీ ఇంట్లో ఏ తీగ వాద్యం ఉంటే దాన్నే తీయండి, పెద్దవాళ్ళను పక్కన కూర్చోబెట్టండి.