ఏడ్చే పసిబిడ్డను కుదిపితే ప్రాణానికే ముప్పు

ముప్కాల్: ఒడిలో చాట, చాటలో తునికాకు, తంబాకు, పక్కనే తొట్టెలలో బిడ్డ. బీడీలు చుట్టి పొట్టపోసుకునే తల్లులకు ఈ ప్రాంతంలో ఇది నిత్యకృత్యం. చాలామంది భర్తలు గల్ఫ్‌లో ఉంటారు. లెక్క ప్రకారం బీడీలు అప్పజెప్పాలి. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే పాలిచ్చినా, ఎత్తుకున్నా ఊరుకోదు. అట్టి సమయంలో తల్లి గానీ, తండ్రి గానీ, ఇంట్లో మరెవరు గానీ విసుగుతో బిడ్డ రెట్టలు పట్టి గట్టిగా కుదిపితే, క్షణాలలో జరగరాని అనర్థం జరగవచ్చు.

పసిబిడ్డ తల ఒంటితో పోలిస్తే పెద్దది, బరువైనది. మెడ కండరాలు ఇంకా గట్టిపడి ఉండవు. కుదిపినప్పుడు తల ముందుకూ వెనక్కూ విసురుగా ఊగి, మెదడుపై ఉన్న సన్నని రక్తనాళాలు తెగుతాయి. మెదడు చుట్టూ రక్తం చేరి, మెదడు వాస్తుంది. ప్రాణం దక్కినా చూపు పోవడం, మూర్ఛలు, బుద్ధిమాంద్యం జీవితాంతం మిగలవచ్చు. పైకి దెబ్బ లేకుండా కుదుపుతోనే మెదడులో రక్తస్రావం కావచ్చునని 1971లో ఇంగ్లండు శస్త్రవైద్యుడు గుత్‌కెల్చ్ వైద్యలోకం దృష్టికి తెచ్చారు.

గుర్తించడం ఎలా?

ఒంటిపై గాయం కనిపించకపోవచ్చు. అందుకే అజీర్ణమనో, దిష్టి అనో పొరబడతారు. బిడ్డ పాలు తాగకపోవడం, పదేపదే కక్కడం, మగతగా పడి ఉండడం, ఫిట్స్ రావడం, శ్వాస ఆగి ఆగి రావడం, మాడు ఉబ్బడం ప్రమాద సూచనలు. మంత్రాలతో, ఆకుపసరులతో కాలయాపన చేయక వెంటనే 108కి ఫోన్ చేయాలి. కుదిపి ఉంటే ఆ సంగతి వైద్యునికి దాచరాదు. దాస్తే చికిత్స ఆలస్యమవుతుంది.

అయితే ఇవే లక్షణాలు ఇతర జబ్బులలోనూ కనిపిస్తాయి. పుట్టగానే విటమిన్ కె ఇంజెక్షన్ పడని శిశువులకు కూడా మెదడులో రక్తస్రావం కావచ్చు. కనుక ఇరుగుపొరుగు వారు తల్లిపై నింద వేయరాదు. తేల్చవలసింది వైద్యులే.

నివారణ ఇంట్లోనే

ఆరోగ్యంగా ఉన్న బిడ్డ కూడా రెండో నెలలో ఎక్కువగా ఏడుస్తుంది. మూడు, నాలుగు నెలలకు తగ్గుతుంది. ఇది తల్లి తప్పు కాదు. ఆకలి, తడిసిన గుడ్డ, ఉక్కపోత, జ్వరం ఉన్నాయేమో చూడాలి. అయినా ఊరుకోకపోతే, సహనం నశిస్తున్నదని తోచిన మరుక్షణం బిడ్డను క్షేమమైన చోట వెల్లకిలా పడుకోబెట్టి పది నిమిషాలు పక్కకు రావాలి. అత్తనో, పక్కింటి ఆమెనో పిలవాలి.

తొట్టెల మెల్లగా ఊపడం, భుజాన వేసుకొని జోకొట్టడం వల్ల ఈ ముప్పు రాదు. గాలిలోకి ఎగరవేయడం, కాళ్లు పట్టి తలకిందులు చేయడం మాత్రం మానాలి. బాలింతను గంటసేపైనా నిద్రపోనిచ్చి బిడ్డను ఎత్తుకోవడం ఇంటిల్లిపాది బాధ్యత. వంద బీడీలు తగ్గితే మరునాడు చుట్టుకోవచ్చు. దెబ్బతిన్న పసిమెదడు మాత్రం మునుపటిలా కావడం కష్టం.