మాదాపూర్ మారింది.. మరి జనాభా లెక్క? అద్దెకు ఉండేవారిని ఎక్కడ లెక్కిస్తారు?

1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయీ సైబర్ టవర్స్‌ను ప్రారంభించే నాటికి మాదాపూర్ హైదరాబాద్ శివారు ఊరు. ఇప్పుడు అక్కడ కార్యాలయాలు, అపార్ట్‌మెంట్లు, హాస్టళ్లే. కానీ ఆ ప్రాంత జనాభా ఎంతంటే మాత్రం 2011 జనగణన దగ్గరే ఆగిపోతున్నాం. 2027 జనగణనతో ఆ లెక్క మారాలి. అందులో అద్దెకు ఉండేవారి పాత్ర ఏంటి?

మాదాపూర్‌లో ఏం మారింది?

ఒకప్పుడు శేరిలింగంపల్లి మున్సిపాలిటీలో ఉన్న ఈ ప్రాంతం 2007లో జీహెచ్ఎంసీలో కలిసింది. ఐటీ కంపెనీలు వచ్చాక స్థలం ఉన్నవారికి అద్దెలే ప్రధాన ఆదాయమయ్యాయి. అయ్యప్ప సొసైటీ వంటి కాలనీల్లో హాస్టళ్లు వరసకట్టాయి. 2019లో మెట్రో వచ్చింది. 2020లో దుర్గం చెరువుపై తీగల వంతెన తెరుచుకుంది.

ఐటీ ఉద్యోగులతో పాటు వంటవాళ్లు, సెక్యూరిటీ గార్డులు, ఇళ్లలో పనిచేసేవారు, భవన నిర్మాణ కూలీలు కూడా వచ్చారు. పాలమూరు నుంచి, ఒడిశా, బిహార్‌ల నుంచి వచ్చినవారు వీరిలో ఉన్నారు. చాలామందికి పని ఇక్కడ, రేషన్ కార్డు, ఓటు సొంతూళ్లో.

లెక్క పాతదైతే నష్టం ఏంటి?

ప్రజా సేవలు తలల లెక్కన వస్తాయి. జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ నిబంధనల ప్రకారం సుమారు 50 వేల మందికి ఒక పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలి. 400 నుంచి 800 మంది జనాభాకు ఒక అంగన్‌వాడీ ఉండాలి. ఆహార భద్రత చట్టం కింద రాష్ట్రాలకు ఎంతమందికి రేషన్ ఇవ్వాలన్నదీ 2011 లెక్కల ఆధారంగానే తేల్చారు.

ఐదుగురు ఉండే ఇంటి స్థానంలో 60 మంది ఉండే హాస్టల్ వచ్చిందనుకుందాం. నీరు, డ్రైనేజీ, చెత్త భారం వెంటనే పెరుగుతుంది. కాగితంపై జనాభా మాత్రం పెరగదు.

ఎవరిని ఎక్కడ లెక్కిస్తారు?

సాధారణంగా ఎక్కడ నివసిస్తుంటే అక్కడే. ఇల్లు సొంతమా, అద్దెదా అన్నదానితో గానీ, ఆధార్‌లో ఏ ఊరి చిరునామా ఉందన్నదానితో గానీ సంబంధం లేదు. హాస్టల్‌లో ఉండేవారు హాస్టల్‌లోనే, నిర్మాణ స్థలంలో షెడ్డు వేసుకుని ఉంటున్న కుటుంబం అక్కడే లెక్కలోకి వస్తుంది. కాబట్టి ఊళ్లో ఉన్న తల్లిదండ్రులు తమ ఇంటి వివరాల్లో నగరంలో ఉంటున్న పిల్లల పేర్లూ చెబితే లెక్క తప్పుతుంది.

ఎప్పుడు జరుగుతుంది?

రెండు దశల్లో. ఇళ్ల జాబితా 2026 ఏప్రిల్, సెప్టెంబరు నెలల మధ్య, జనాభా లెక్కింపు 2027 ఫిబ్రవరిలో. మంచు ప్రాంతాల్లో లెక్కింపు ముందే ఉంటుంది. ఈసారి ఆన్‌లైన్‌లో వివరాలు సొంతంగా నమోదు చేసుకునే వీలు కూడా కల్పించారు.

వివరాలు చెబితే పన్ను పడుతుందా?

ఇంటి యజమానుల్లో ఈ భయం ఉంటుంది. అద్దెకు ఉన్నవారి సంఖ్య తగ్గించి చెప్పడానికి ఇదో కారణం. అయితే 1948 జనగణన చట్టంలోని సెక్షన్ 15 ప్రకారం వ్యక్తుల వివరాలు గోప్యం. ఆ చట్టం కింద నేరాల విచారణకు తప్ప వాటిని కోర్టులో సాక్ష్యంగా వాడకూడదు. బ్యాంకు ఖాతా నంబరు, పిన్ వంటివి జనగణన ప్రశ్నల్లో ఉండవు. ఎవరైనా అడిగితే చెప్పొద్దు.

రేషన్, ఓటు వాటంతటవే మారతాయా?

మారవు. జనగణన వేరు, ఇవి వేరు. 'ఒకే దేశం ఒకే రేషన్ కార్డు' కింద, ఆహార భద్రత కార్డు ఉన్నవారు సొంతూరి కార్డుతోనే ఇక్కడి రేషన్ షాపులో వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవచ్చు. ఓటును ఇక్కడికి మార్చుకోవాలంటే ఫారం 8, కొత్తగా నమోదు కావాలంటే ఫారం 6 నింపాలి.

మీరు హాస్టల్‌లో ఉంటుంటే, సిబ్బంది వచ్చినప్పుడు వార్డెన్ మీ పేరు రాయించారో లేదో అడగండి. మీ వీధికి రావాల్సిన దవాఖానా లెక్క అక్కడే మొదలవుతుంది.