ఒకే పీడీఎఫ్‌లో నాలుగు ప్లాన్లు: లేయర్స్ ఎలా వాడాలి, నేను ఎక్కడ దెబ్బతిన్నాను

అన్నవరంలో మా బాబాయ్ ఇల్లు కడుతున్నారు. కార్తీకమాసం వస్తే రత్నగిరికి వ్రతాల కోసం వచ్చే జనంతో ఊరు కిక్కిరిసిపోతుంది, ఈలోగా స్లాబ్ పడిపోవాలని ఆయన తొందర. కానీ ఇంటి ప్లాన్ మాత్రం ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘ఫైనల్ కొత్తది’ అంటూ ఐదు పీడీఎఫ్‌లు అయ్యింది. మేస్త్రి ఏది చూసి గోడ కడుతున్నాడో ఎవరికీ తెలీదు. “కంప్యూటర్ చదువు చదివావు కదరా, ఓ దారి చూడు” అని బాబాయ్ ఆ పని నాకు అప్పజెప్పారు.

లేయర్ అంటే?

ప్లాన్ మీద ట్రేసింగ్ పేపర్లు పేర్చినట్టే అనుకోండి. ఒక్కో పేపర్ మీద ఒక్కో పని. కావాల్సింది ఆన్ చేస్తాం, అక్కర్లేనిది ఆఫ్ చేస్తాం. 2003లో అక్రోబాట్ 6తో పాటు వచ్చిన పీడీఎఫ్ 1.5 నుంచే ఈ సౌకర్యం ఉంది. టెక్నికల్‌గా వీటిని ఆప్షనల్ కంటెంట్ గ్రూప్స్ అంటారు.

నేను చేసిన సెటప్

కట్టడాల డ్రాయింగ్స్ కోసం బాగా వాడే బ్లూబీమ్ రెవులో చేశాను.

1. లేయర్స్ ప్యానెల్‌లో నాలుగు లేయర్లు పెట్టాను: కరెంటు, నీళ్లు, మార్పులు, రేట్లు.
2. ఒక్కో మార్కప్‌ను సెలెక్ట్ చేసి, ప్రాపర్టీస్‌లో దాని లేయర్ ఎంచుకున్నాను.
3. కరెంటుకి ఎరుపు, నీళ్లకి నీలం. ఈ రంగులు మధ్యలో మార్చలేదు.
4. ఫైల్ పేరులో ‘ఫైనల్’ తీసేసి తేదీ పెట్టాను.

ఐదు ఫైళ్లు ఒకటయ్యాయి. చాలా ఫోన్ యాప్‌లలో లేయర్ బటన్లు ఉండవు కాబట్టి, ఎలక్ట్రీషియన్‌కి కరెంటు లేయర్ మాత్రమే కనిపించేలా విడిగా కాపీ ఇచ్చాను.

దెబ్బ ఎక్కడ తగిలింది?

రేట్లు లేయర్ ఆఫ్ చేసి, ఫైల్ మేస్త్రికి వాట్సాప్‌లో పంపేశాను. ఆయన ఫోన్లో ఏమీ కనపడలేదు. వాళ్లబ్బాయి లాప్‌టాప్‌లో అక్రోబాట్ రీడర్‌తో తెరిచి, లేయర్స్ ప్యానెల్‌లో కంటి గుర్తు నొక్కాడు. ఇంకో మేస్త్రికి అడుగుకి ఎక్కువ ఇవ్వడానికి కూడా బాబాయ్ సిద్ధపడ్డట్టు అందులో రాసుంది. మర్నాడు పని ఆగిపోయింది. “మేమంటే అంత చులకనా అండీ?” అన్నాడాయన. బాబాయ్ దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు.

పంపే ముందు ఇవి చూడండి

- లేయర్ ఆఫ్ చేయడమంటే దాచడమే, తీసేయడం కాదు. డేటా మొత్తం ఫైల్‌లోనే ఉంటుంది.
- కాపీ తీసుకుని, అక్కర్లేని మార్కప్‌లను అందులో డిలీట్ చేయండి. అక్రోబాట్ ప్రో ఉంటే దాగి ఉన్న సమాచారాన్ని తీసేసే ఆప్షన్ వాడండి.
- రెవులో ఫ్లాటెన్ చేస్తే సరిపోతుందనుకోకండి. మార్కప్‌లను వెనక్కి తెచ్చే టిక్ ఉంచితే మళ్లీ విడదీయొచ్చు.
- చివరగా ఇంకో వ్యూయర్‌లో తెరిచి, లేయర్ల లిస్టు చూడండి, అంకెలు కొట్టి వెతకండి.

అసలు డబ్బు లెక్కలు ఆ ఫైల్‌లోకే రాకూడదు. ఇప్పుడు మా రేట్లు వేరే షీట్‌లో ఉన్నాయి. బాబాయ్ వెళ్లి మేస్త్రితో మాట్లాడి, రేటు పెంచాక పని మళ్లీ మొదలైంది. ఆ తేడా డబ్బు మాత్రం నా జీతంలోంచే ఇచ్చాను.