జననాంగ పులిపిర్లు: కారణం, చికిత్స, నివారణ

చేతిపై పులిపిరి లేస్తే ఎవరూ దాచుకోరు. అదే జననాంగం వద్ద లేస్తే, జీవిత భాగస్వామికి సైతం చెప్పలేక నెలల తరబడి మథనపడతారు. ఈ రెండింటికీ మూలం ఒకే కుటుంబానికి చెందిన వైరసులు. వాటి పేరు హ్యూమన్ పాపిల్లోమా వైరస్, క్లుప్తంగా హెచ్‌పీవీ.

క్యాన్సరుగా మారుతుందా?

హెచ్‌పీవీలో 200కు పైగా రకాలున్నాయి. జననాంగ పులిపిర్లలో సుమారు 90 శాతం 6, 11 రకాల వల్ల కలుగుతాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సరుకు ప్రధాన కారణాలు 16, 18 రకాలు. అందువల్ల ఈ పులిపిర్లు సాధారణంగా క్యాన్సరుగా మారవు. అయితే ఒకే వ్యక్తికి పలు రకాలు సోకవచ్చు కనుక, 30 ఏళ్లు దాటిన స్త్రీలు పులిపిర్లు ఉన్నా లేకున్నా గర్భాశయ ముఖద్వార పరీక్ష చేయించుకోవాలి.

ఎవరి నుండి సోకింది?

లైంగిక సంబంధంలో చర్మస్పర్శ ద్వారా ఈ వైరస్ వ్యాపిస్తుంది. కండోమ్ ముప్పును తగ్గిస్తుంది, పూర్తిగా తొలగించదు. వైరస్ సోకిన కొన్ని వారాలకో నెలలకో, ఒక్కోసారి సంవత్సరాలకో పులిపిరి బయటపడుతుంది. అది ఎప్పుడు, ఎవరి నుండి సోకిందో ఏ పరీక్షా చెప్పలేదు. కాబట్టి పులిపిరిని దాంపత్య ద్రోహానికి సాక్ష్యంగా భావించడం శాస్త్రసమ్మతం కాదు.

చికిత్స

సున్నం పూయడం, గుర్రపు వెంట్రుకతో బిగించడం, ఆనెకాయల మందు రాయడం వల్ల పుండ్లు పడతాయి. పైగా సిఫిలిస్ వ్యాధిలోనూ ఇటువంటి కండలే లేస్తాయి. అందుచేత వైద్యపరీక్ష తప్పనిసరి. వైద్యులు మందు పూసి, గడ్డకట్టించి, లేదా విద్యుత్తుతో కాల్చి పులిపిర్లను తొలగిస్తారు. కొన్ని మందులు గర్భిణులకు నిషిద్ధం; గర్భవతులు ఆ సంగతి ముందే తెలపాలి. చికిత్స పులిపిరిని తీసివేస్తుందే తప్ప వైరసును కాదు. మొదటి మూడు నెలలలో అవి తిరిగి రావచ్చు; అప్పుడు మళ్లీ చికిత్స పొందాలి. చాలామందిలో రెండేళ్లలోపు శరీరమే వైరసును అణచివేస్తుంది.

సెంట్రల్ రైల్వే స్టేషను ఎదుటనున్న రాజీవ్ గాంధీ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో సుఖవ్యాధుల విభాగం ఉన్నది. ప్రభుత్వ ఆసుపత్రులలోని సురక్షా క్లినిక్కులలోనూ సలహా, చికిత్స లభిస్తాయి.

నివారణ

పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సెర్వావాక్ టీకాకు 2022లో అనుమతి లభించింది. అది 6, 11, 16, 18 రకాల నుండి రక్షణనిస్తుంది. 9 నుండి 14 ఏళ్ల మధ్య వేయించడం శ్రేష్ఠం. ఇప్పటికే ఉన్న పులిపిర్లను టీకా నయం చేయదు; వాటికి వైద్యుని వద్దకు వెళ్లడమే మార్గం.