కంట్లో ద్రాక్షతొక్క

ఆరాంఘర్‌లో ఎవరినైనా అడ్రసు అడగండి, ముందు పిల్లర్ నంబరు చెప్తారు. మెహిదీపట్నం దగ్గర పైకెక్కిన పీవీ ఎక్స్‌ప్రెస్‌వే పదకొండున్నర కిలోమీటర్లు గాల్లో నడిచి ఇక్కడే నేలకు దిగుతుంది. ముందుకు పోతే శంషాబాద్ ఎయిర్‌పోర్టు, పక్కకు తిరిగితే రాజేంద్రనగర్. అక్కడి పశువైద్య విశ్వవిద్యాలయానిదీ పీవీ పేరే. అందుకే ఈ చౌరస్తాలో ఆటో ఎక్కితే పక్క సీట్లో మేకపిల్ల ఉన్నా ఎవరూ వింతగా చూడరు.

మొన్న ఫిబ్రవరిలో మా పిల్లికి టీకా వేయించడానికి అట్లాగే ఆటోలో పోతుంటే, ఎదురుగా ఒక కుర్రాడు లాబ్రడార్‌ను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. దాని ఎడమ కన్ను సగం మూసుకుపోయి ఉంది. నీరు కారి కారి ముక్కు పక్కన చార కట్టింది.

"నాలుగు రోజుల సంది కన్ను తెరుస్తలేదు సార్. కలక అనుకొని అమ్మమ్మ చుక్కలు వేసినం" అన్నాడు. అమ్మమ్మకు శుక్లం ఆపరేషన్ అయినప్పుడు మిగిలిన సీసా అట.

కన్ను ఎర్రబడితే కండ్లకలకే అనుకోవడం మనుషుల అలవాటు. దాన్నే కుక్కలకూ పిల్లులకూ అంటగడతాం. అసలు మంట కంటి పైపొరలో కాకుండా లోపల ఉండొచ్చు. ఆ లోపలి పొర పేరు యువియా. లాటిన్‌లో ద్రాక్షను ఉవా అంటారు, పేరు అక్కణ్నుంచి వచ్చింది. నల్లద్రాక్షను కాడ నుంచి పీకితే తొక్కకు చిన్న బెజ్జం మిగులుతుంది కదా, ఆ బెజ్జమే కంటిపాప అనుకోండి. బెజ్జం చుట్టూ ఉన్న రంగుభాగం ఐరిస్. దాని వెనక కంటిలోపలి నీటిని ఊరించే కండరపు వలయం, ఇంకా వెనక రెటీనాకు రక్తం అందించే నల్లటి పొర. ఈ మూడూ కలిసి ఒకే తొక్క. హైదరాబాద్ చుట్టూ ఒకప్పుడు అనాబ్-ఎ-షాహీ తోటలు ఉండేవి, రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధన కేంద్రం ఇప్పటికీ ఉంది. కాబట్టి ఈ పోలిక మన దగ్గర బాగానే అతుకుతుంది. (పోలిక వరకే. నిజం ద్రాక్షపళ్లు కుక్కకు పెట్టకండి, కిడ్నీలు దెబ్బతింటాయి.)

ఈ తొక్క నిండా రక్తనాళాలే. మామూలుగా రక్తానికీ కంటిలోపలి నీటికీ మధ్య గట్టి కట్ట ఉంటుంది. ఒంట్లో ఎక్కడో మొదలైన రోగం రక్తంలో తిరుగుతూ ఇక్కడికి చేరితే ఆ కట్ట తెగి ప్రొటీన్లూ తెల్లకణాలూ లోపలికి కారతాయి. దీన్నే యువైటిస్ అంటారు. డాక్టర్ చీకటిగదిలో సన్నటి వెలుగుగీత వేసి చూస్తే, ఆరోగ్యంగా ఉన్న కంట్లో ఆ గీత మధ్యలో కనబడదు. యువైటిస్ ఉంటే డిసెంబరు తెల్లవారుజామున శంషాబాద్ రోడ్డు మీద పొగమంచులో హెడ్‌లైట్ పడ్డట్టు తెల్లగా కనబడుతుంది.

ఇంట్లో మనం చూడగలిగింది కంటిపాప. రెండు కళ్లనూ ఒకే వెలుతురులో పోల్చి చూడాలి. కలక అయితే పుసి వస్తుంది, ఎర్రబడుతుంది, కంటిపాప మాత్రం మామూలుగానే ఉంటుంది. యువైటిస్ అయితే లోపలి కండరం బిగుసుకుపోయి పాప చిన్నదవుతుంది, వెలుతురు పడితే కుక్క మొహం తిప్పుకుంటుంది, కన్ను మసకబారుతుంది. నీటికాసులు (గ్లకోమా) అయితే దానికి తలకిందులుగా పాప పెద్దదై, లైటు వేసినా ముడుచుకోదు. కంటి ఒత్తిడి కూడా ఇదే తీరు. యువైటిస్‌లో సాధారణంగా తగ్గుతుంది, నీటికాసుల్లో పెరుగుతుంది. చిక్కేమిటంటే, మొదటిదాన్ని పట్టించుకోకపోతే రెండోది వస్తుంది. మంటతో జిగురుబారిన ఐరిస్ వెనకనున్న లెన్సుకు చుట్టూ అతుక్కుంటే నీరు పారే దారి మూసుకుపోతుంది. శుక్లం కూడా పడొచ్చు. శుక్లం ముదిరి దాని ప్రొటీన్లు కారితే అదీ యువైటిస్ తెస్తుంది. షుగరున్న కుక్కల్లో ఇది తరచూ చూస్తారు.

మరి రోగం ఎక్కణ్నుంచి వస్తుంది? చాలాసార్లు ఎంత వెతికినా కారణం దొరకదు. దొరికిన వాటిలో మన ఊళ్లల్లో ముందు అనుమానించాల్సింది పిడుదును. తెలంగాణలో గోమారి అంటారు. గోధుమరంగు కుక్కపిడుదు రక్తం పీలుస్తూ ఎర్లికియా కానిస్ అనే సూక్ష్మజీవిని ఎక్కిస్తుంది. 1935లో అల్జీరియాలో దీన్ని మొదట గుర్తించారు. అందరి దృష్టీ దీని మీద పడింది మాత్రం వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యపు కుక్కలు వందల్లో చనిపోయాకే. ఇది తెల్లకణాల్లో దూరి నెలలు, ఒక్కోసారి ఏళ్లు దాక్కుంటుంది. ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ముక్కులోంచి రక్తం వస్తుంది, కంట్లో రక్తం నిలుస్తుంది. కుక్క బాగానే తింటోంది కదా అని మనం అనుకుంటున్నప్పుడే కన్ను జబ్బును ముందుగా బయటపెడుతుంది.

జాతిని బట్టి వచ్చేవీ ఉన్నాయి. అకితా, హస్కీ కుక్కల్లో ఒంటి రక్షణ వ్యవస్థే తన నల్లరంగు కణాల మీద పడి, కన్ను ఎర్రబడ్డాక ముక్కూ మొహం మీది వెంట్రుకలూ తెల్లబడతాయి. మంచుదేశపు హస్కీని ఏప్రిల్ ఎండలో హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లో పెంచేవాళ్లతో నాకు వేరే పేచీ ఉంది, అది ఇక్కడ వద్దు.

పిల్లి కథ వేరు. నొప్పిని దాచుకోవడంలో దాన్ని మించింది లేదు. ఆకుపచ్చ కన్ను ఒకటి రాగిరంగుకు తిరిగినట్టు అనిపిస్తే ఫొటోల్లో పాత రంగు చూసి నిర్ధారించుకోండి. పిల్లుల్లో యువైటిస్ వెనక టాక్సోప్లాస్మా ఉండొచ్చు, ఎఫ్‌ఐవీ, లుకేమియా వైరస్‌లు ఉండొచ్చు. అన్నిట్లోకీ భయపెట్టేది ఎఫ్‌ఐపీ. పిల్లుల కరోనా వైరస్ ఒంట్లోనే రూపం మార్చుకుని తెచ్చే జబ్బు ఇది. నిన్నమొన్నటి దాకా ఇది వచ్చిందంటే చావే. 2019లో కాలిఫోర్నియా పరిశోధకులు జీఎస్-441524 అనే మందుతో చాలా పిల్లులు బతికాయని ప్రచురించారు. దీని చుట్టమే రెమ్‌డెసివిర్. 2020 జూన్‌లో హైదరాబాద్ కంపెనీ హెటెరో కోవిఫర్ పేరుతో కోవిడ్ రోగులకు తెచ్చిన ఇంజెక్షన్ అదే. ఒంట్లోకి వెళ్లాక అది ఆ జీఎస్-441524గానే మారుతుంది. జబ్బు కంటికి పాకితే మామూలు మోతాదు చాలదు, పెంచాలి.

ఆ రోజు ఆటో దిగాక, రాజేంద్రనగర్ పశువుల దవాఖానలో డాక్టరమ్మ ఆ లాబ్రడార్ కంట్లో ముందు నారింజరంగు చుక్క వేసి నీలిలైటుతో చూసింది. కార్నియా మీద పుండుంటే అక్కడ పచ్చగా మెరుస్తుంది. ఈ పరీక్ష ఎందుకు ముఖ్యమంటే, యువైటిస్‌కు అసలు మందు స్టెరాయిడ్ చుక్కలే. అవే చుక్కలు పుండున్న కంట్లో పడితే కార్నియా కరిగి కన్నే పోవచ్చు. ఒకే మందు ఒక కన్ను కాపాడుతుంది, ఇంకో కన్ను తీస్తుంది. అందుకే పచ్చరంగు పరీక్ష, ఒత్తిడి కొలత, ఈ రెండూ చేశారా అని అడగడం పెంచుకునేవాళ్ల హక్కు.

పచ్చ కనబడలేదు. ఒత్తిడి తక్కువగా ఉంది. చెవి మడతలోంచి, కాలివేళ్ల సందుల్లోంచి చిమ్టాతో మూడు పిడుదులు తీసింది. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు తక్కువ. డాక్సీసైక్లిన్ 28 రోజులు, మధ్యలో బాగైందని ఆపొద్దంది. అన్నం పెట్టాకే వెయ్యమంది, లేకపోతే వాంతి చేసుకుంటుంది. పాప అతుక్కోకుండా అట్రోపిన్. అదే చుక్క పిల్లికి వేస్తే గొంతులోకి దిగి, చేదుకు నోటినిండా నురగ కక్కుతుందని నా ఒళ్లోని బుట్టవైపు చూసి నవ్వింది.

"పిడుదులు కుక్క మీద కొన్నే ఉంటాయి బాబూ. గుడ్లు పెట్టేది గోడ పగుళ్లల్లో. మంచం కింద, తలుపుచెక్క సందుల్లో చూడండి" అంది. తర్వాత ఆ అమ్మమ్మ సీసా ఫొటో అడిగింది.

వాళ్లమ్మ వాట్సాప్‌లో పంపింది. మూత తీసింది దసరాకు. అలాంటి చుక్కలు తెరిచిన నెల దాకానే పనికొస్తాయి, పారెయ్యమంది. ఆ తర్వాత చీటీ మీద రాసింది కూడా ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ చుక్కలే, అమ్మమ్మ వాడిన మందే. కుర్రాడు చీటీ చదివి ఆమె మొహంలోకి చూశాడు.

"అదే మందు. కొత్త సీసా కొను" అంది.